‘32 ఇన్ 1’ సర్వైవల్ కిట్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి (లంకల వాళ్లు మరీ ముఖ్యంగా)

వరదల సీజన్ వచ్చిందంటే ఫోన్ తెరవగానే నారింజ రంగు పెట్టె ప్రకటన ఒకటి కనిపిస్తోంది కదండీ, ‘ఎమర్జెన్సీ సర్వైవల్ కిట్, 32 ఇన్ 1’ అని. 2,499 పెట్టి తెప్పించాను. మాది గోదావరి వైనతేయ పాయ పక్కన లంక, అంటే ఏటి మధ్య ఊరు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికే మా కాజ్‌వే మునుగుతుంది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు ఇంటిల్లిపాదీ ఏటిగట్టు మీదే ఉన్నాం. కాబట్టి ఇలాంటి పెట్టె ఒకటి ఇంట్లో ఉంటే మంచిదే అనుకున్నాం. వచ్చింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు టార్చి సంగతి. లోపలి 18650 సెల్ (ఛార్జింగ్ పెట్టుకునే గుండ్రటి బ్యాటరీ) మీద ‘9900 ఎంఏహెచ్’ అని, అంటే అంత ఛార్జ్ పడుతుందని, అచ్చు వేశాడు. ఆ సైజు సెల్ మంచి కంపెనీదైనా మామూలుగా 3,500 చుట్టూనే ఉంటుంది. బరువు 45 గ్రాముల దాకా తూగాలి. బంగారం కొట్లో కాటా మీద పెట్టిస్తే 27 చూపించింది. కొట్టాయన దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, “ఇది సెల్లా, డొల్లా అండీ?” అన్నాడు. ఫుల్ ఛార్జింగ్ పెట్టినా గంట వెలగలేదు.

తాడు కూడా అంతే. 250 కేజీలు మోసే పారాకార్డ్ అన్నాడు. అసలుదైతే పై తొడుగు లోపల ఏడు పోగులు విడివిడిగా ఉండాలి. కోసి చూస్తే దూదిలాంటి పీచు కుక్కి ఉంది. వలల కొట్లో దొరికే నైలాన్ తాడు దీనికంటే వంద రెట్లు నయం. పవర్ బ్యాంకు వెనక అరచేయంత సోలార్ పలక అతికించాడు. అంత పలక మంచి ఎండలో ఇచ్చేది వాటో, వాటున్నరో. 10,000 ఎంఏహెచ్ నిండాలంటే వారం రోజులు ఎండ కాయాలి. వరదలొచ్చేది ముసురులో కదా! గాలాలు కూడా పెట్టాడండోయ్, గోదావరి వాళ్లకి.

వీటితో పోయేది డబ్బే. పాముకాటు కిట్ మాత్రం ప్రాణం మీదకి తెస్తుంది. చిన్న రబ్బరు బుడ్డి, బ్లేడు, కట్టడానికి తాడు. కాటు దగ్గర కోసి, బిగించి, విషం పీల్చెయ్యమని బొమ్మలేసి మరీ చూపించాడు. నీళ్లు ఎక్కితే పుట్టల్లోంచీ గడ్డివాముల్లోంచీ పాములన్నీ మనతోపాటే గట్టెక్కుతాయి, మనకి తెలియంది కాదు. రక్తపింజర విషానికి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. అక్కడ బ్లేడు పెడితే ఆ కోత నుంచే రక్తం ఆగకుండా కారుతుంది. తాడు బిగిస్తే కాలికి రక్తం ఆడక అది కాస్తా పాడవుతుంది. బుడ్డితో పీలిస్తే విషం పెద్దగా బయటికి రాదు, టైమ్ మాత్రం పోతుంది. కాటు పడిన కాలు కదలకుండా కర్ర ఆనించి గుడ్డతో వదులుగా కట్టి, పడవో బండో దొరికింది ఎక్కించి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాలి. కట్లపాము కాటైతే నొప్పి కూడా తెలియకపోవచ్చు, బాగానే ఉందిలే అని ఆగొద్దు. ఈ కిట్ ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఆ బుడ్డీ బ్లేడూ ఇవాళే తీసి పారేయండి, పిల్లలో పెద్దవాళ్లో కంగారులో వాడేస్తారు.

ఇక నీళ్లు వడకట్టుకుంటూ పీల్చి తాగే ఫిల్టర్ గొట్టం. ‘ఏ నీళ్లయినా నేరుగా తాగొచ్చు’ అట. ఇలాంటి గొట్టం అసలుదైనా క్రిముల్ని ఆపుతుందేమో గానీ ఉప్పును ఆపదు. పోటు ఎక్కే ఊళ్లలో, రొయ్యల చెరువులు గండిపడి కలిసిన నీళ్లలో అది దేనికి పనికొస్తుంది? పెట్టెలో క్లోరిన్ బిళ్లలున్నాయి కానీ వాటికి ఎక్స్‌పైరీ తేదీ లేదు, ఎన్ని లీటర్లకి ఒకటో రాయలేదు. ఊళ్లో ఆశా వర్కర్ని అడిగితే మంచివి దొరుకుతాయి. బురద నీళ్లని ముందు నూలు గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టి, లెక్కప్రకారం బిళ్ల వేసి అరగంట ఆగాలి. ‘ఎలక్ట్రోలైట్’ పొడి పొట్లాలూ రెండున్నాయి. చదివితే అంతా చక్కెర, రంగు. ఓఆర్‌ఎస్ అంటే లీటరుకి 20.5 గ్రాముల ప్యాకెట్, మందుల షాపులో అడిగి తీసుకోండి.

మా పిన్నిగారి సలహా మీద ఇప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి సర్దుకున్నాం. అందులో ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు, బీపీ మాత్రలు, ఓఆర్‌ఎస్, అటుకులు, బెల్లం, విజిల్, మామూలు సెల్స్ వేసుకునే టార్చి. పక్కన ఒక బరకం, నైలాన్ తాడు, మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాన్. అవసరమైతే అది పట్టుకుని తేలొచ్చు. పెట్టెలోని వెండి రేకు దుప్పటి మంచు కొండల్లో పనికొస్తుందేమో, మా డాబా మీద గాలికి అరపూటలో పీలికలైంది.

డబ్బు వెనక్కి అడిగితే ‘ఫస్ట్ ఎయిడ్ ఐటెమ్ ఓపెన్ చేశారు, రిటర్న్ లేదు’ అన్నారు. పెట్టె మీద తయారీదారు పేరు, అడ్రసు, ఏ దేశంలో చేశారో ఏదీ లేదు. ఇవి ఉండి తీరాలి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అదీ లేకపోయేసరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాను, ఇంకా తేలలేదు. మీరూ కొని ఉంటే బిల్లు, పెట్టె ఫొటోలు దాచుకుని 1915కి చెప్పండి.

ఆ అమ్మకందారు పేజీ ఇప్పుడు కనపడట్లేదు. కానీ నిన్న అదే సామాను, అవే ఫొటోలు వేరే పేరుతో కనిపించాయి. పెట్టె మాత్రం ఆకుపచ్చది, ధర 1,799.