ల్యాబ్ కోడి: నిషేధమా, వాయిదానా, లేబులా?

ఆదివారం పొద్దున విజయవాడలో ఏ చికెన్ కొట్టు ముందు నిలబడినా ఒక ప్రశ్న వినపడుతుంది: "నాటుదేనా?" కొట్టతను "నాటుదేనమ్మా" అంటాడు. మా అమ్మ ఆ మాట నమ్మదు. కోడి కాళ్లు చూసి, ఈకలు చూసి, కళ్ల ముందు కోయించుకుంటేగానీ డబ్బులివ్వదు.

అదే ఊళ్లో పుట్టిన ఉమా వాలేటి అమెరికా వెళ్లి గుండె డాక్టరయ్యారు. ఆ తర్వాత కోడిని కోయకుండానే కోడి మాంసం తయారుచేసే అప్‌సైడ్ ఫుడ్స్ కంపెనీ పెట్టారు. చిన్నప్పుడు ఓ పుట్టినరోజు విందుకి వెళితే ఇంటి ముందు జనం సంబరంగా తింటున్నారట, వెనక్కి వెళితే వంటవాళ్లు కోళ్లు కోస్తున్నారట. ఆ రోజు మనసులో పడిన ముద్ర పోలేదని ఆయన చాలాసార్లు చెప్పారు. కోడి కణాలను స్టీలు ట్యాంకుల్లో పోషకాలు పోసి రెండు మూడు వారాలు పెంచితే మాంసం అవుతుంది. దీన్ని అమ్ముకోవడానికి అప్‌సైడ్‌కి, గుడ్ మీట్ అనే మరో కంపెనీకి 2023 జూన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ అనుమతిచ్చింది. ఏడాది తిరక్కుండానే రాష్ట్రాలు అడ్డం తిరిగాయి. అయితే అన్నీ ఒకే దారి పట్టలేదు.

మొదటిది పూర్తి నిషేధం. 2024 మే 1న ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ సంతకం పెట్టారు. అమ్మినా, తయారుచేసినా 60 రోజుల దాకా జైలు, 500 డాలర్ల దాకా జరిమానా. వారం తిరక్కుండా అలబామా, మరుసటి ఏడాది మిసిసిపీ, మోంటానా, నెబ్రాస్కా అదే బాట పట్టాయి. ఫ్లోరిడా చట్టం జులై 1న అమల్లోకి రాబోతుంటే, నాలుగు రోజుల ముందు అప్‌సైడ్ వాళ్లు మయామీలో జనాన్ని పిలిచి, కరకరలాడే మొక్కజొన్న రొట్టె మీద ఈ చికెన్, అవకాడో వేసి ఉచితంగా పెట్టారు. అంతే, ఆ తర్వాత బంద్.

ఇక్కడో విషయం గమనించాలి. అప్పటికి అమెరికాలో ఈ మాంసం ఒక్క సూపర్‌మార్కెట్‌లోనూ లేదు. ఒకటి రెండు ఖరీదైన రెస్టారెంట్లలో, అదీ కొన్నాళ్లు వడ్డించారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అంగట్లో లేని సరుకుకి జైలు శిక్ష రాశారు. పశువుల రైతుల కోసమే అన్నారు. కానీ నెబ్రాస్కాలో కొందరు రైతులే "మాకీ రక్షణ అక్కర్లేదు, పోటీ పడగలం" అన్నారు. పెద్ద మాంసం కంపెనీల సంఘం కూడా ఫ్లోరిడా చట్టాన్ని వ్యతిరేకించింది. నాకిది ఆశ్చర్యం అనిపించలేదు. కేంద్రం తనిఖీ చేసి పాస్ చేసిన మాంసాన్ని ఒక రాష్ట్రం ఆపగలిగితే, రేపు ఇంకో రాష్ట్రం ఇంకో సాకుతో వాళ్ల సరుకే ఆపొచ్చు. అప్‌సైడ్ కోర్టుకెళ్లింది. జడ్జి చాలా వాదనలు కొట్టేసినా, రాష్ట్రాల మధ్య వ్యాపారానికి ఈ చట్టం అడ్డన్న వాదన మీద మాత్రం కేసు ముందుకు సాగొచ్చని 2025లో అన్నారు.

రెండోది వాయిదా. ఇండియానా 2025 జులై నుంచి, టెక్సస్ సెప్టెంబర్ నుంచి రెండేళ్లు అమ్మకాలు ఆపాయి. వినడానికి ఇది మధ్యేమార్గంలా ఉంటుంది. ఆ రెండేళ్లూ దీని మీద గట్టి పరిశోధన చేయించి లెక్కలు బయటపెడితే నేనూ సరే అంటాను. ఊరికే క్యాలెండర్ తిప్పడానికైతే అది నిషేధానికి ముద్దుపేరు. ఈలోగా నష్టం మాత్రం ఖాయం. ఆస్టిన్‌లో ఒక జపనీస్ రెస్టారెంటు వైల్డ్‌టైప్ కంపెనీ ఇలాగే కణాల నుంచి పెంచిన సాల్మన్ చేపను వడ్డించడం మొదలుపెట్టి రెండు నెలలైనా కాకముందే ఆపాల్సి వచ్చింది. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ గొడవ తెలిసుండదు కూడా. వాళ్ల టెన్షనల్లా వారాంతానికి మంచి గోట్ దొరుకుతుందా అనే!

మూడోది లేబుల్. అమ్ముకో, కానీ ఏమిటో రాసి అమ్ము. అయోవా 2024లో ఈ దారి పట్టింది. నా ఓటు దీనికే. బ్రాయిలర్ వచ్చినప్పుడు నాటుకోడిని కాపాడాలని మనమెవరం బ్రాయిలర్‌ని నిషేధించలేదు. నాటుకోడికి ఈ రోజుకీ రెట్టింపు పైన ధర పలుకుతోంది. ఫారం కోడిని నాటుదని అంటగట్టినప్పుడే కదా గొడవ!

కాకపోతే లేబుల్‌లోనూ కిటుకులుంటాయి. 2020లో అందరికంటే ముందు అనుమతిచ్చిన సింగపూర్‌లో, 2024లో గుడ్ మీట్ వాళ్లు ఫ్రీజర్ ప్యాకెట్లు పెట్టారు. అందులో కోడి కణాలు 3 శాతమే, మిగతాదంతా దాదాపు మొక్కల ప్రొటీనే. కాబట్టి పేరొక్కటే చాలదు, ఎంత శాతమో కూడా రాయాలి. అటుపక్క, గడువు తీరాక ప్యాకెట్ మీద "ఇమిటేషన్ మాంసం" అని ఉండాలంటోంది ఇండియానా. నిజం కోడి కణాల్ని నకిలీ అనిపించడం కూడా అబద్ధమే. ఇక హోటల్ ప్లేటుకి లేబులెక్కడిది? బిర్యానీలో ముక్క ఏ కోడిదో ఇప్పుడే తెలియదు. మెనూలో రాయడం తప్పనిసరి చేయకపోతే లేబుల్ చట్టం సగం వృథా. అమలు చేయడం తేలిక అన్నంతవరకు నిషేధానిదే పైచేయి, అది ఒప్పుకోవాలి.

ఇది మనకెందుకులే అనుకోవడానికీ లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి ఇలాంటి మాంసం మీద పని చేయడానికి 2019లోనే కేంద్రం దాదాపు 4.5 కోట్ల రూపాయలు ఇచ్చింది.

ఇదంతా మా అమ్మకి చెప్పాను. ఓపిగ్గా విని, "కాళ్లుండవంటావు, ఈకలుండవంటావు. మరి ఏం చూసి కొనాలిరా?" అంది.