హారర్ షార్ట్ ఫిల్మ్‌కి ‘ఆడియన్స్ సర్వే రిపోర్టు’ కొనేవాళ్ళు జాగ్రత్త

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు కాలేజీల్లో షార్ట్ ఫిల్ములు తీస్తున్న మనవాళ్ళందరూ డబ్బులు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

‘ప్రేక్షకుల సర్వే మేమే చేసి పెడతాం, చార్టులతో సహా రిపోర్టు ఇస్తాం’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు పెట్టి, స్టూడెంట్ టీముల దగ్గర డబ్బులు గుంజుతున్నవాళ్ళు ఉన్నారు. రాయగడలో మా టీము రూ.6,500 కట్టింది. చేతికొచ్చింది దొంగ సర్వే. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేర్లు ఎలాగూ మారుస్తూనే ఉంటారు, పద్ధతి మాత్రం ఇదే.

అమ్మేవాడి మాట తీరు చాలా మర్యాదగా ఉంటుంది. “మీ జానర్ చెప్పండి చాలు మేడమ్, 300 మంది శాంపిల్, వారంలో రిపోర్టు” అన్నాడు. ప్రాజెక్టు ఫైల్లో ఆడియన్స్ రీసెర్చ్ తప్పనిసరి, సబ్మిషన్ తేదీ దగ్గరపడుతోంది. ఆ టెన్షనే వాళ్ళకి పెట్టుబడి. బిల్లు అడిగితే “యూపీఐ స్క్రీన్‌షాటే బిల్లు మేడమ్” అన్నాడు. ఆ మాట ఎవరన్నా అంటే అక్కడే ఆగిపోండి.

రిపోర్టు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. రంగురంగుల చార్టులు, 40 పేజీలు. లోపలికి వెళ్తేనే తెలిసింది. ‘హారర్ సినిమా ఎవరితో కలిసి చూస్తారు?’ అన్నది ఒక్క జవాబే ఎంచుకోవాల్సిన ప్రశ్న. దానికి వేసిన చార్టులో శాతాలన్నీ కూడితే 112 వచ్చింది. ఎన్ని జవాబులైనా ఎంచుకోవచ్చు అన్న ప్రశ్నకి మొత్తం వంద దాటొచ్చు, దీనికి దాటడానికి వీల్లేదు. వయసు వర్గం 15–24 అని రాసి, సర్టిఫికెట్ మాత్రం ‘ఎ’ అని సూచించారు. ‘ఎ’ అంటే 18 నిండినవాళ్ళకే. సెన్సార్ బోర్డు 2024 నుంచి యుఎ (పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన) వర్గాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టిన సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు. ప్రేక్షకుల వయసు తేల్చమని డబ్బులిస్తే, వయసు దగ్గరే తప్పింది.

గట్టిగా అడిగాక అసలు జవాబుల షీటు పంపారు. గూగుల్ ఫారంలో ప్రతి జవాబు పక్కన అది నింపిన తేదీ, టైము వాటంతట అవే పడతాయి. ఇందులో ఆ కాలమే తీసేశారు. ‘హారర్‌లో మీకు ఏం కావాలి?’ అన్న ప్రశ్నకి వేర్వేరు పేర్లతో ఉన్న పదుల జవాబుల్లో ‘బ్యాక్‌గ్రౌండ్ మూజిక్ బావుండాలి’ అని ఒకే వాక్యం, అదే అక్షరదోషంతో సహా. మీ ప్రాంతం అన్నచోట కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్. మా సినిమా చూసేది మా కాలేజీవాళ్ళు, మా వీధివాళ్ళు. కథ జరిగేది నాగావళి మీది ఊగే వంతెన దగ్గర.

ఇంతకంటే ఘోరం, ఆ షీటులో పేర్ల పక్కన ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. అనుమానం వచ్చి కొన్నింటికి ఫోన్ చేశాం. “ఏ సర్వే అమ్మా? నేను ఉద్యోగానికని ఫారం నింపినాను” అన్నాడొకాయన. అంటే ఎక్కడో ఇంకో పనికి ఇచ్చిన నంబర్లు తెచ్చి, వాటికి మా సర్వే జవాబులంటూ అతికించారు. మీకూ అలాంటి షీటు వస్తే ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి. అవి నిజం మనుషుల నంబర్లు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం వాళ్ళిచ్చిన ముఖ్య సూచన. ‘78 శాతం మంది చేతబడి చేసే ముసలావిడ విలన్‌గా ఉండాలని కోరుకుంటున్నారు’ అట. ఈ ప్రాంతంలో ఇది ఆషామాషీ మాట కాదు. మంత్రగత్తె అని ముద్రవేసి మనుషుల్ని కొట్టడం, వెలివెయ్యడం, చంపడం ఆపడానికి ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. మా టీములో ఒకమ్మాయి ఆ పేజీ వాళ్ళ మామ్మకి చదివి వినిపించింది. “ఆ మాట ఆడకండమ్మా. ఊళ్ళో ఒక్కరు అన్నా సాలు, ఆ మనిషి బతుకు అయిపోతాది” అందావిడ. దొంగ శాతాన్ని నమ్మి అలాంటి సినిమా తీసి, దాన్ని ఈ ఊళ్ళోనే తెరమీద వేస్తే ఎవరికి తగులుతుందో ఆ అమ్మేవాడికి పట్టదు.

చివరికి రీసెర్చ్ మేమే మళ్ళీ మొదటి నుంచీ చేశాం. దానికి డబ్బులు కావు. గూగుల్ ఫారం ఉచితం. మన దగ్గర ఒక చిక్కుంది, అది బయటివాళ్ళకి తెలీదు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ ఒడియా మీడియంలో చదివినవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు ఫారం ఇస్తే పెద్దవాళ్ళు పక్కన పెట్టేస్తారు. అందుకని ప్రశ్నలు నోటితో తెలుగులో అడిగి, జవాబులు మేమే ఒడియాలో, తెలుగులో రాసుకున్నాం. ‘మీకు హారర్ ఇష్టమేనా?’ అంటే మొహమాటానికి అందరూ ఊఁ అంటారు. ‘చివరిసారి ఏ సీన్‌కి కళ్ళు మూసుకున్నారు?’ అంటే ఆలోచించి చెబుతారు. కాలేజీ పిల్లల్ని ఐదారుగురి చొప్పున కూర్చోబెట్టి మూడు శబ్దాలు వినిపించాం. అరుపుకి నవ్వారు. వంతెన అవతలి నుంచి ఎవరో పేరు పెట్టి మెల్లగా పిలిచే శబ్దానికి ఒకమ్మాయి చెవులు మూసుకుంది. రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని చిన్నప్పుడు విన్నవాళ్ళే అందరూ! ఇప్పుడు మా స్క్రిప్టు ఆ పిలుపు మీదే నడుస్తోంది.

ఇప్పటికే డబ్బులు కట్టినవాళ్ళు చాటింగు, ప్రకటన, పేమెంటు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి, వాళ్ళు బ్లాక్ చేశాక ప్రకటన కనిపించదు. డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. నాసిరకం సేవ ఇచ్చి డబ్బు వెనక్కి ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, రూ.5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి.

ఇదే పద్ధతిలో రిపోర్టు కొన్నవాళ్ళు ఉంటే అందులో ‘మూజిక్’ వాక్యం, 78 శాతం చేతబడి పేజీ ఉన్నాయేమో చూసి చెప్పండి. ఒకే రిపోర్టు పేర్లు మార్చి అందరికీ అమ్ముతున్నారని రుజువైతే మా కంప్లైంటుకి బలం వస్తుంది.