వల్లె వేయాలా, వింటూ రాయాలా?

ఇంగ్లీష్ అంకెలు నేర్చుకోవడానికి వన్ నుంచి హండ్రెడ్ దాకా వల్లె వేయడం ఒక పద్ధతి. ధరలు, ఫోన్ నంబర్లు వింటూ రాసుకోవడం ఇంకొకటి.

మొదటి ఇరవైకి వల్లె వేయడమే మేలు. లెవెన్, ట్వెల్వ్ బట్టీ పట్టాల్సిందే. మన పదమూడులో పది ముందొస్తుంది, థర్టీన్‌లో మూడు ముందొస్తుంది. ఇరవై దాటితే తేలికే: ఇరవై ఒకటి, ట్వెంటీ వన్.

కానీ వరస నోటికొచ్చినా చెవికి పట్టదు. మా అమ్మ వంద దాకా గడగడా చెప్పేస్తుంది. అయినా దుకాణంలో ఫిఫ్టీ అంటే 15 రూపాయలు తీసింది. ఫిఫ్టీన్‌లో చివర సాగుతుంది, ఫిఫ్టీలో మొదట నొక్కి పలుకుతారు. ఆ తేడా వింటేనే తెలుస్తుంది. ఇప్పుడు రోజూ నేను పది ధరలు చదువుతాను, అమ్మ రాస్తుంది. నా ఓటు దీనికే.