నార్ఫోక్ పల్లెలు, పాత పటాలు: చాలాకాలం వాడాక నా మాట

ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న నార్ఫోక్ కౌంటీలో పల్లెలు ఎలా మారాయో తెలుసుకోవడానికి కొన్నేళ్లుగా పాత పటాలు వాడుతున్నాను. ఒక్క పటం చూసి ఊరుకుంటే సగం సంగతే తెలుస్తుంది. వేర్వేరు కాలాలవి కనీసం మూడు పక్కపక్కన పెట్టుకోవాలి.

కొత్తవాళ్లు బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన 1880ల నాటి పటంతో మొదలుపెట్టడం మంచిది. మైలుకు ఆరు అంగుళాల స్కేలు. ఇవాళ్టి శాటిలైట్ చిత్రం మీద పెడితే చర్చిలు, రోడ్లు చక్కగా సరిపోతాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పటాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. స్లైడర్ జరుపుతూ పాతా కొత్తా పోల్చుకోవచ్చు. 1942లో సైన్యం శిక్షణ కోసం ఖాళీ చేయించిన టాటింగ్టన్ లాంటి ఊళ్లలోకి ఇప్పుడు మామూలు జనం ఇష్టమొచ్చినట్టు వెళ్లలేరు. ఆ ఊళ్ల ఇళ్లు, దారులు ఈ పటంలో ఉన్నాయి. నాకైతే ఆ ఒక్కదానికే ఇది ఎంతో విలువైనది.

ఇక వెనక్కి వెళ్తే, 1797లో విలియం ఫేడెన్ ప్రచురించిన కౌంటీ పటం. మైలుకు అంగుళమే కాబట్టి పొలం గట్లు వెతక్కండి, దొరకవు. నేటి పటం మీద అచ్చంగా కూర్చోదు కూడా. కానీ ఊరంతా పశువులు మేపుకున్న ఉమ్మడి బీళ్లు ఎంత మేర ఉండేవో ఇందులో కళ్లకు కడుతుంది. తర్వాతి దశాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో వాటిలో చాలావాటిని పంచి కంచెలు వేశారు. పాత దారులు వంకరటింకరగా పోతాయి. ఫేడెన్ బీడు చూపించిన చోట ఇప్పుడు గీత గీసినట్టు తిన్నని రోడ్డుంటే, అది ఆ పంపకంలో వేసినదేమోనని వెంటనే అనుమానిస్తాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి టైద్ పటాలు. చర్చికి పంటలో పదో వంతు ఇచ్చే పద్ధతిని 1836 చట్టం డబ్బు చెల్లింపుగా మార్చింది. ఆ లెక్క కోసం ఊరూరా పటం గీసి, ప్రతి చేనుకూ నంబరు వేశారు. జతగా ఉండే పట్టికలో యజమాని ఎవరు, సాగు చేసేదెవరు, చేను పేరేమిటి, దున్నే నేలా పచ్చికా, విస్తీర్ణం ఎంత, అన్నీ రాసి ఉంటాయి. నాలుగు రూడ్‌లు ఒక ఎకరం, నలభై పెర్చ్‌లు ఒక రూడ్ అని గుర్తుంటే చాలు. ఫేడెన్ పటంలో పేర్లు పెద్ద బంగళాల దొరలవి. ఇక్కడ మాత్రం రెండు గదుల ఇంట్లో అద్దెకున్న మనిషి పేరు కూడా దొరుకుతుంది. ఆ పేర్లు చదవడం కోసం పాత చేతిరాతతో ఎంత కుస్తీ పట్టినా నాకు విసుగు రాలేదు.

ఒక చిక్కుంది. పదో వంతు చెల్లింపు అంతకుముందే తేలిపోయిన భూములకు చాలాచోట్ల ఈ పటం ఉండదు. అలాంటి ఊరు ఎదురైతే బీళ్ల పంపకం నాటి పటం కోసం చూడండి. దాంతోపాటు ఉండే తీర్పు పత్రం కూడా తప్పకుండా అడిగి తీసుకోండి. ఎవరి వాటాకు ఎంత భూమి వచ్చిందో, కొత్త రోడ్డు ఎన్ని అడుగుల వెడల్పు ఉండాలో రాసి ఉండేది అందులోనే.