కెమిస్ట్రీ క్లాసులో యానిమేషన్లు: ఎనిమిదేళ్లు వాడాక

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఎనిమిదేళ్లుగా కెమిస్ట్రీ పాఠాలకు యానిమేషన్లు, సిమ్యులేషన్లు వాడుతున్నాను. మొదట్లో నా లాప్‌టాప్, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్. 2023 తర్వాత తరగతి గదిలోనే ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా వాడింది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే పిల్లలే తెర మీద మార్చి చూసుకోగల బొమ్మలు. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. పైసా కట్టక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. మా ఊళ్లో అది చాలా పెద్ద ఊరట.

నాకు బాగా పనికొచ్చింది సమీకరణాలను తుల్యం చేసే (రెండు వైపులా పరమాణువుల లెక్క సరిచేసే) సిమ్యులేషన్. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణం ఇస్తే, ఎడమవైపు ఆక్సిజన్లు రెండు, కుడివైపు ఒకటే ఉన్నాయని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పట్టేసి, హెచ్‌టూఓ చివర ఇంకో చిన్న రెండు తగిలిస్తారు. లెక్క సరిపోతుంది, కానీ నీరు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది. బోర్డు మీద ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే తప్పు. సిమ్యులేషన్‌లో ఆ చిన్న అంకెను, అంటే పాదాంకాన్ని, ముట్టుకునే వీలే లేదు. ఫార్ములా ముందున్న అంకెను, అంటే గుణకాన్ని, మాత్రమే మార్చగలం. గుణకం ఒకటి పెంచితే పెట్టెలోకి ఇంకో పూర్తి అణువు వచ్చి చేరుతుంది, త్రాసు ఒకవైపు ఒరుగుతుంది. అమ్మోనియా తయారీలో ఒక నైట్రోజన్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులు, రెండు అమ్మోనియా అణువుల దగ్గర త్రాసు నిలబడగానే వెనక బెంచీలో ఒకడు, "అయితే మేడం, సగం అణువు రాదన్నమాట!" అన్నాడు. నేను అన్నేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట అదే.

అణువుల ఆకారాలకు కూడా తెర సాయం కావాలి. మీథేన్‌ను బోర్డు మీద గీస్తే ప్లస్ గుర్తులా ఉంటుంది, బంధకోణం 90 డిగ్రీలని పిల్లలు అనుకోవడంలో తప్పులేదు. తెర మీద వేలితో తిప్పితే నాలుగు హైడ్రోజన్లు బోర్డు మీదలా చదునుగా కాకుండా నాలుగు వైపులకు విచ్చుకుని కనిపిస్తాయి. అసలు కోణం 109 డిగ్రీల 28 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అడుగుతారు. కరెంటు లేని రోజు బంకమట్టి ఉండలు, అగ్గిపుల్లలతో అదే పని చేయిస్తాను. అదీ బాగానే ఉంటుంది.

ఇక ఇబ్బందులు. మూడో ఏడు అనుకుంటాను, తొమ్మిదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టి, నీటి అణువుల మధ్య ఖాళీలో ఏముంటుందని అడిగాను. సగం మందికి పైగా "నీరు ఉంటుంది" అని రాశారు. నాకు నోట మాట రాలేదు. ముందు వారం నేనే చూపించిన వీడియో మళ్లీ పెట్టి చూశాను. వెనకంతా నీలం రంగు, అందులో అణువులు తేలుతున్నాయి. పిల్లలు చూసిందే రాశారు. సోడియం పరమాణువు ఊదా రంగులో ఉంటుందని రాసినవాళ్లూ అలా రాసినవాళ్లే. రంగు మన గుర్తు కోసం వేసిందే, పరమాణువుకు అలాంటి రంగు ఉండదు. ఈ మాట బొమ్మ చూపించే ముందే చెప్పాలని ఆ రోజు తెలిసింది.

ఆ దెబ్బతో వరుస మార్చాను. ముందు పరీక్షనాళిక, తర్వాతే తెర. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో ఇనుప మేకు వేయిస్తాను. పీరియడ్ అయ్యేలోపు మేకు మీద ఎర్రటి పూత కనిపిస్తుంది. లోపల ఏం జరిగి ఉంటుందో నోట్సులో బొమ్మ గీయమంటాను. గీశాకే యానిమేషన్ పెడతాను, అది కూడా మధ్యమధ్యలో ఆపుతూ. కాపర్ అయాన్ (ఆవేశం ఉన్న పరమాణువు) రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని మేకు మీద చేరడం, ఇనుము అయాన్‌గా ద్రావణంలోకి వెళ్లిపోవడం చూసి, తమ బొమ్మ తామే దిద్దుకుంటారు. చాలా యానిమేషన్లలో అయాన్ దారి తెలిసినట్టు నేరుగా మేకు దగ్గరకు వచ్చేస్తుంది. నిజానికి అది నీటి అణువులకు గుద్దుకుంటూ ఎటుపడితే అటు తిరుగుతుంటుంది. ఇది మాత్రం నేనే నోటితో చెప్పాలి.

కెమిస్ట్రీ బోధనపై పరిశోధన చేసిన గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్‌స్టన్ 1991లోనే పిల్లలు పడే ఈ చిక్కు గురించి రాశారు. కెమిస్ట్రీలో కంటికి కనిపించేది, కనిపించని అణువుల లోకం, రాసే సంకేతాలు అని మూడు స్థాయిలున్నాయని, మూడూ ఒక్కసారిగా మీద పడితే పిల్లలు తట్టుకోలేరని ఆయన మాట. నాకు అది అనుభవంతో అర్థమైంది.

డబ్బు పెట్టి కొన్న వీడియో పాఠాల ప్యాకేజీ కూడా ఒకటి వాడాను. బొమ్మలు అందంగానే ఉంటాయి కానీ గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతూ పోతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, మర్నాడు అడిగితే ఒక్క ముక్క రాదు. వాళ్ల చేతికి పని లేని బొమ్మ మీద డబ్బు పెట్టొద్దని తోటి టీచర్లకు చెబుతుంటాను. లెడ్ నైట్రేట్ లాంటి విషపదార్థాలతో చేసే ప్రయోగాలకు మాత్రం వీడియోనే నయం.

ఈ ఏడాది తొమ్మిదో తరగతికి అదే ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఎక్కువమంది అణువుల మధ్య కాగితాన్ని తెల్లగానే వదిలేసి, అక్కడికో బాణం గీసి "ఏమీ లేదు" అని రాశారు.