ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియం: లింకన్ చివరి రాత్రి

వాషింగ్టన్ పదో వీధిలోని ఫోర్డ్స్ థియేటర్‌లో 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకం చూస్తున్న అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు కాల్చాడు. ఆ పిస్తోలును ఇప్పుడు కింది అంతస్తులోని మ్యూజియంలో అద్దాల వెనుక ఉంచారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ ఒంటి తూటా ఆయుధాన్ని చూశాక మిగిలిన వస్తువులపై మనసు నిలవడం కష్టమే. పైన హాలులో జెండాలతో అలంకరించిన అధ్యక్షుడి బాక్సు కనిపిస్తుంది గానీ, 1893లో లోపలి అంతస్తులు కూలి 22 మంది మరణించిన ఈ భవనంలో నేటి ప్రేక్షకశాల 1968లో తిరిగి తెరిచిన పునర్నిర్మాణమని గుర్తుంచుకోవాలి.

తూటా తగిలిన లింకన్‌ను మోసుకెళ్లిన, మర్నాటి ఉదయం ఆయన కన్నుమూసిన ఎదురింటిని, అంటే పీటర్సన్ ఇంటిని మాత్రం వదలకూడదు. ఆరడుగుల నాలుగంగుళాల లింకన్‌ను మంచంపై ఐమూలగా పడుకోబెట్టవలసి వచ్చిన ఆ వెనుక గది ఎంత ఇరుకో చూస్తేనే తెలుస్తుంది; అక్కడున్నది నమూనా మంచం, అసలుది షికాగోలోని చరిత్ర మ్యూజియంలో ఉంది. పక్క భవనంలో లింకన్‌పై వచ్చిన పుస్తకాల నమూనాలతో కట్టిన 34 అడుగుల స్తంభం ఫొటోలకు బాగుంటుంది, అంతే. టికెట్టు నిర్ణీత సమయానికే చెల్లుతుంది కనుక ముందుగా బుక్ చేసుకోవడం, ఇప్పటికీ ఇక్కడ నాటకాలు ఆడుతున్నందున హాలు తెరిచి ఉండే వేళలు సరిచూసుకోవడం మంచిది.