రొయ్యల షెడ్డులో ఆరేళ్లు: క్యూటీ టూల్‌బార్ బటన్లతో నా అనుభవం

భీమవరం నుంచి ఉండి మీదుగా ఆకివీడు వెళ్లే రోడ్డు పక్కన ఒక రొయ్యల కొనుగోలు షెడ్డు ఉంది. అక్కడ నేను రాసిచ్చిన కాటా ప్రోగ్రాం 2019 నుంచి నడుస్తోంది. పైథాన్‌లో రాశాను. తెర మీద విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ క్యూటీ. దాన్ని పైథాన్ నుంచి వాడుకోవడానికి మొదట పైక్యూటీ5 తీసుకున్నాను, 2023లో పైసైడ్6కి మార్చాను. నేను చెప్పబోయేది క్యూటీ మొత్తం గురించి కాదు. విండో పైన ఉండే టూల్‌బార్, దాని మీది బటన్లు, వాటికి పెట్టే ప్రాపర్టీల (సెట్టింగుల) గురించి మాత్రమే. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఫోన్లలో సగానికి పైగా ఆ ఒక్క వరస గురించే.

ముందు అక్కడి పని ఎలా ఉంటుందో చెప్పాలి. చెరువు పట్టాక సరుకు షెడ్డుకి వస్తుంది. శాంపిల్‌గా ఒక కిలో తూచి రొయ్యల్ని లెక్కపెడతారు. కిలోకి యాభై వస్తే 50 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. ఆ తర్వాత ట్రేలు ఒక్కొక్కటే కాటా ఎక్కుతాయి. గుమస్తా పక్కనే కూర్చుని బరువులు టైపు చేస్తాడు. ఆఖర్న ట్రే బరువులు తీసేసి రైతుకి చీటీ ఇస్తారు. పని ఎక్కువగా రాత్రిపూటే. చేతులు తడిగా ఉంటాయి, మౌసు మీద ఐసు నీళ్లు, చుట్టూ జనం, బయట ఇంజను ఆపని వ్యాను. టూల్‌బార్ మీద ఆరు బటన్లు: కొత్త లోడు, కౌంట్, ట్రే, తరుగు, చీటీ, రద్దు.

ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్‌లో యూఐపుష్‌టూల్‌తో ఇలాంటి బటన్లు చేశాను. అక్కడ బొమ్మని సీడేటా అనే ప్రాపర్టీలో అంకెల మ్యాట్రిక్సుగా ఇవ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలు, ఒక్కో గడిలో సున్నా నుంచి ఒకటి దాకా విలువ. నొక్కితే ఏం జరగాలో క్లిక్డ్‌కాల్‌బ్యాక్‌లో రాస్తాం. సెపరేటర్‌ని ఆన్ చేస్తే బటన్‌కి ఎడమ పక్క గీత వస్తుంది. ల్యాబ్ రికార్డుకి అది చాలు. పైథాన్‌తోపాటు వచ్చే టికింటర్‌లో అయితే టూల్‌బార్ అనే విడ్జెటే (విండోలో పెట్టుకునే భాగమే) లేదు, ఫ్రేములో బటన్లు పేర్చుకోవాలి. అలాంటిదే ఇంకో లైబ్రరీ, డబ్ల్యుఎక్స్ పైథాన్, కొన్నాళ్లు చూశాను. బటన్లన్నీ పెట్టాక రియలైజ్ పిలవడం మర్చిపోతే వరస సరిగా రాదు, అదొక్కటి గుర్తుంచుకుంటే పనిచేస్తుంది. చివరికి క్యూటీ దగ్గర ఆగడానికి కారణం ఒకటే, క్యూయాక్షన్.

క్యూటీలో టూల్‌బార్‌కి నేరుగా బటన్ ఇవ్వక్కర్లేదు, ఒక యాక్షన్ ఇస్తే చాలు. "చీటీ" అనే యాక్షన్‌ని ఒక్కసారి తయారుచేసి పేరు, బొమ్మ, షార్ట్‌కట్, టూల్‌టిప్ దానికే పెడతాం. అదే యాక్షన్ మెనూలోనూ టూల్‌బార్‌లోనూ కనిపిస్తుంది. సెట్‌ఎనేబుల్డ్‌తో దాన్ని ఆపితే మెనూలో ఆగుతుంది, టూల్‌బార్‌లో బటన్ బూడిదరంగుకి మారుతుంది, దాని షార్ట్‌కట్ కీ ఎఫ్9 కూడా పనిచేయదు. బూడిదరంగు బొమ్మ మనం విడిగా గీయక్కర్లేదు, క్యూటీయే చేసుకుంటుంది. కౌంట్ వేయకుండా చీటీ తీయకూడదన్నది షెడ్డు నియమం. ఆ నియమం మొత్తం నా ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా కౌంట్ లేని చీటీ బయటికి పోలేదు. ఈ ఒక్క గుణానికే నేను క్యూటీకి పెద్ద పీట వేస్తాను.

ఇబ్బంది పెట్టినవన్నీ డిఫాల్టులే, అంటే మనం మార్చకపోతే ఉండే అమరికలే. ఆ డిఫాల్టులు ఆఫీసులో కూర్చుని మౌసు పట్టుకునే మనిషికి సరిపోతాయి. కాటా దగ్గర కూర్చున్న మనిషికి సరిపోవు.

బొమ్మ సంగతి చూడండి. టూల్‌బార్ మామూలుగా బొమ్మ మాత్రమే చూపిస్తుంది, పేరు చూపించదు. మౌసు ఆపితే టూల్‌టిప్ వస్తుంది కదా అనుకున్నాను. షెడ్డులో మౌసు ఆపే తీరిక ఎవరికుంటుంది? టూల్‌బార్ పెట్టిన మొదటి వారంలోనే గుమస్తా బాబాయ్ అడిగాడు, "ఈ తక్కెడ బొమ్మ తరుగా, ట్రేనా అండీ? రెండూ ఒకేలా ఉన్నాయి." ఆ రోజే టూల్‌బటన్‌స్టైల్ మార్చి బొమ్మ కింద పేరు వచ్చేలా పెట్టాను. తెలుగు అక్షరాలకి విండోస్‌లో ఉండే నిర్మల యూఐ ఫాంటే వాడాను, కొంచెం పెద్ద సైజులో. ఒత్తులు చక్కగా కనిపిస్తున్నాయి.

పేరు పెట్టాక బొమ్మ పెద్దది చేయాలనిపించింది. సెట్‌ఐకాన్‌సైజ్‌లో 48 అని ఇచ్చాను. బటన్ పెద్దదైంది, బొమ్మ మాత్రం మధ్యలో చిన్నగానే ఉండిపోయింది. నేను ఇచ్చిన పీఎన్‌జీ ఫైళ్లు 24 పిక్సెళ్లవి. క్యూటీ పెద్ద బొమ్మని తగ్గిస్తుంది కానీ చిన్న బొమ్మని సాగదీయదు. ఏ సైజుకైనా సాగే ఎస్వీజీ బొమ్మలు వేశాక సరిపోయింది. ఇంకో ఇబ్బంది: ఫైలు దొరక్కపోయినా క్యూటీ నోరు మెదపదు. ఫైలు పేరు ఇస్తే చాలు, ఆ ఐకాన్ ఖాళీ కాదని లెక్కేసుకుంటుంది. ఫైలు నిజంగా ఉందో లేదో అప్పుడు చూడదు. డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లో ప్రోగ్రాం మొదలయ్యే ఫోల్డరు వేరేది పడితే చాలు, ఆరు బటన్ల మీదా బొమ్మ చోటు ఖాళీగా ఉంటుంది. ఎర్రర్ ఒక్కటీ ఉండదు. అందుకే బొమ్మల దారిని ప్రోగ్రాం ఫైలు ఉన్న చోటునుంచే లెక్కగట్టి ఇస్తున్నాను.

అన్నిటికంటే గట్టిగా తగిలినది ఫోకస్, అంటే కీబోర్డు మీద కొట్టేది తెర మీద ఎక్కడికి చేరాలన్నది. ఈ కథ వివరంగా చెబుతాను, ఎందుకంటే అది ఒక రైతు డబ్బుకి సంబంధించింది.

ట్రే బరువులు ఒక టేబుల్‌లో పడతాయి. గుమస్తా గడిలో అంకె కొట్టి ఎంటర్ నొక్కితే కింది గడికి వెళ్తుంది. ఒక రాత్రి 31 ట్రేలు తూచారు. చివరి ట్రే బరువు 23.4 కిలోలు. బాబాయ్ ఆ అంకె కొట్టి, ఎంటర్ నొక్కకుండా సరాసరి టూల్‌బార్ మీద "చీటీ" నొక్కాడు. చీటీ వచ్చింది. రైతు, పెద్దాయన, కాటా పక్కనే నిలబడి తన చేతి పుస్తకంలో ఒక్కో ట్రే రాసుకుంటున్నాడు. చీటీ చూసి, పుస్తకం చూసి, "బాబూ, ఇందులో ఒక ట్రే తక్కువుందండీ" అన్నాడు. స్క్రీన్ మీద చూస్తే 31వ గడిలో 23.4 కనిపిస్తూనే ఉంది. మొత్తంలో మాత్రం కలవలేదు.

ఎందుకంటే టూల్‌బార్ మీది బటన్, అంటే క్యూటూల్‌బటన్, నొక్కినప్పుడు ఫోకస్ తీసుకోదు. టూల్‌బార్ తన బటన్ల ఫోకస్‌పాలసీని నోఫోకస్‌గా పెడుతుంది, క్లిక్ చేసినా ఫోకస్ అటు పోదు. గడిలో టైపు చేస్తున్న పెట్టె ఇంకా తెరిచే ఉంది. పెట్టెలోంచి ఫోకస్ బయటికి పోతేనే ఆ అంకె టేబుల్‌లోకి దిగుతుంది. పోలేదు కాబట్టి దిగలేదు. విండో మధ్యలో మామూలు క్యూపుష్‌బటన్ పెట్టి ఉంటే క్లిక్ చేయగానే ఫోకస్ అటు పోయేది, అంకె దిగేది. అందుకే పాత వెర్షన్‌లో, బటన్లు టేబుల్ కింద ఉన్నప్పుడు, ఈ తప్పు ఎప్పుడూ రాలేదు. టూల్‌బార్‌కి మార్చిన నెలలోనే వచ్చింది.

క్యూటీ వాళ్లు ఇలా ఎందుకు పెట్టారో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఉత్తరం టైపు చేస్తూ అక్షరాలు బొద్దుగా చేసే బటన్ నొక్కితే కర్సరు ఉత్తరంలోనే ఉండాలి. రాసేవాడికి అది వరం. తూచేవాడికి మాత్రం చాలా ప్రమాదం.

మొదట నేను చేసిన మరమ్మతు సగమే పనిచేసింది. టూల్‌బార్‌కి ఉన్న విడ్జెట్‌ఫర్‌యాక్షన్‌తో అసలు బటన్‌ని పట్టుకుని ఫోకస్‌పాలసీని, క్లిక్‌తోనూ ఫోకస్ వచ్చే స్ట్రాంగ్‌ఫోకస్ చేశాను. క్లిక్‌కి సరిపోయింది. ఎఫ్9 నొక్కితే మళ్లీ అదే తప్పు, ఎందుకంటే షార్ట్‌కట్‌కి బటన్ ఫోకస్‌తో పనే లేదు. ఇప్పుడు చీటీ, తరుగు, కొత్త లోడు మూడింటి ఫంక్షన్లలో మొదటి లైనే టేబుల్‌కి సెట్‌ఫోకస్. టైపు పెట్టె మూసుకుంటుంది, అంకె దిగుతుంది, ఆ తర్వాతే లెక్క. క్లిక్ అయినా కీ అయినా ఒకటే. దీంతోపాటు చీటీ మీద ట్రేల సంఖ్య కూడా పెద్ద అక్షరాల్లో పడేలా చేశాను. రైతు కిలోల కంటే ముందు ట్రేలు లెక్క చూసుకుంటాడు, అది ఆ పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రాత్రి చీటీ మార్చి ఆయనకి రావాల్సింది ఇచ్చేశారు. ఆయన పుస్తకం లేకపోతే ఒక ట్రే రొయ్య ఊరికే పోయేది. టూల్‌బార్‌తో లెక్కల ప్రోగ్రాం రాసే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క పరీక్ష చేయండి: చివరి గడిలో అంకె కొట్టి ఎంటర్ లేకుండా బటన్ నొక్కి చూడండి.

షార్ట్‌కట్ దగ్గరే ఇంకొకటి. యాక్షన్‌కి ఆటోరిపీట్ అనే ప్రాపర్టీ ఉంది. అది మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. కీ నొక్కి పట్టుకుంటే యాక్షన్ మళ్లీ మళ్లీ జరుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఎఫ్9ని గట్టిగా పట్టుకునేవాడు, ప్రింటరు ఒకే లోడుకి నాలుగు చీటీలు కక్కేది. ఒకే లోడుకి రెండు చీటీలు బయట తిరిగితే ఎంత గొడవో కొనేవాళ్లకి చెప్పక్కర్లేదు. సెట్‌ఆటోరిపీట్ ఫాల్స్ పెట్టాను, ఆ బాధ పోయింది. జూమ్ లాంటివాటికి అది ఉండాలి, ప్రింటుకీ సేవ్‌కీ ఉండకూడదు.

పైక్యూటీ5 రోజుల్లో మరో తమాషా తగిలింది. బటన్ నొక్కారని ప్రోగ్రాంకి చెప్పే ట్రిగర్డ్ సిగ్నల్ ఊరికే రాదు, బటన్ చెక్ అయ్యి ఉందా లేదా అన్న విలువని వెంటబెట్టుకుని వస్తుంది. నా చీటీ ఫంక్షన్‌కి ఎన్ని కాపీలు అనే ఒక పారామీటరు ఉంది, డిఫాల్టు ఒకటి. బటన్ నొక్కితే ఆ ఒకటి స్థానంలో ఫాల్స్ వచ్చి కూర్చుంది. పైథాన్‌లో ఫాల్స్ అంటే సున్నా. సున్నా కాపీలు ప్రింటయ్యాయి, అంటే ఏమీ రాలేదు. ఎర్రర్ లేదు. ప్రింటరు కేబుల్ రెండుసార్లు మార్చాక గాని తెలియలేదు. మధ్యలో ఒక లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) పెట్టి ఆ విలువని అక్కడే ఆపేస్తే సరి.

ఇక అర్ధరాత్రి ఫోన్. "బాబూ, పైన బటన్లన్నీ పోయాయండీ, లోడు ఆగిపోయింది." టూల్‌బార్ మీద కుడి క్లిక్ చేస్తే చిన్న మెనూ వస్తుంది, అందులో టిక్ తీసేస్తే టూల్‌బార్ మాయమవుతుంది. తడి చెయ్యి మౌసు మీద జారితే అది జరగడం ఎంతసేపు! పైగా నేను విండో అమరికని సేవ్‌స్టేట్‌తో దాస్తున్నాను. అందుకని ప్రోగ్రాం మూసి తెరిచినా టూల్‌బార్ రాలేదు, దాచిన స్థితినే నమ్మకంగా గుర్తుపెట్టుకుంది. ఫోన్లో ఎఫ్9 గుర్తుచేసి ఆ రాత్రి గట్టెక్కించాను. తెల్లారి మూడు పనులు చేశాను: టూల్‌బార్‌ని చూపించే, దాచే టాగుల్‌వ్యూయాక్షన్‌ని ఆపేశాను, అది చోటు కదలకుండా సెట్‌మూవబుల్ ఫాల్స్ పెట్టాను, కుడి క్లిక్ మెనూ రాకుండా కాంటెక్స్ట్ మెనూ పాలసీ మార్చాను. సేవ్‌స్టేట్ వాడేవాళ్లు టూల్‌బార్‌కి ఆబ్జెక్ట్‌నేమ్ పెట్టడం మర్చిపోవద్దు, అది లేకపోతే అమరిక తిరిగి రాదు.

"రద్దు" బటన్ చోటు గురించి మూడుసార్లు మనసు మార్చుకున్నాను. మొదట చీటీ పక్కనే ఉండేది. మధ్యలో సెపరేటర్ గీత పెడితే చాలనుకున్నాను. తొందరలో ఆ గీత ఎవరికీ కనిపించలేదు. చివరికి మధ్యలో ఖాళీ విడ్జెట్ ఒకటి పెట్టి, దానికి సాగే సైజుపాలసీ ఇచ్చి, రద్దుని కుడి చివరికి నెట్టేశాను. ఇప్పుడు రద్దు నొక్కాలంటే చెయ్యి కావాలని అంత దూరం వెళ్లాలి. ఆ తర్వాత పొరపాటు రద్దులు లేవు.

పైసైడ్6కి మారడం కష్టం కాలేదు. క్యూయాక్షన్ క్యూట్‌విడ్జెట్స్ నుంచి క్యూట్‌గుయ్‌కి మారింది, ఇంపోర్టు లైను దిద్దుకోవాలి, అంతే. లైసెన్సు కోసం మారాను: పైక్యూటీ జీపీఎల్ (ప్రోగ్రాం ఇచ్చేటప్పుడు మన కోడూ ఇవ్వాలి) లేదా డబ్బు కట్టే లైసెన్సు, పైసైడ్ ఎల్‌జీపీఎల్ (మన కోడు ఇవ్వక్కర్లేదు) కింద కూడా దొరుకుతుంది. ఊళ్లో చిన్న ప్రోగ్రాములు రాసి అమ్మేవాళ్లకి ఈ తేడా పెద్దదే.

నాకు ఇప్పటికీ తృప్తి లేనిది ఒకటుంది. విండో ఇరుకైతే పట్టని బటన్లని క్యూటీ చివర ఒక చిన్న బాణం గుర్తు వెనక దాచేస్తుంది. పాలకొల్లు దగ్గర ఇంకో షెడ్డులో పాత మానిటరు, 1024 వెడల్పు. కొత్తగా రెండు బటన్లు కలిపి ప్రోగ్రాం ఇచ్చాను, రద్దు ఆ బాణం వెనక్కి పోయింది. అక్కడి అమ్మాయి రెండు రోజులు రద్దు లేదనే అనుకుంది, తప్పు లోడు పడితే ప్రోగ్రాం మూసేసి మళ్లీ తెరిచేది. బాణం ఉందని ఎవరూ చెప్పకపోతే అది కంటికి ఆనదు. బటన్ పక్కన పేరు వచ్చే స్టైల్‌లో తక్కువ అవసరమైనవాటికి లోప్రయారిటీ ఇస్తే వాటి పేరు దాగి చోటు మిగులుతుంది, కానీ నాది కింద పేరు వచ్చే స్టైల్, దానికి అది వర్తించదు. ప్రస్తుతానికి విండోకి మినిమం వెడల్పు పెట్టి, ఆ షెడ్డుకి మాత్రం ఐకాన్ సైజు 32కి తగ్గించాను. పాత ఐదు బటన్లూ, కొత్తవి రెండూ, చివర్లో ఎర్రటి రద్దూ అన్నీ ఒకే వరసలో కనిపిస్తున్నాయి.